ఎఫ్రోసీనా తవ్విన గొయ్యి

మా ఎఫ్రోసీనా వదినకు ముక్కు మీద కోపం. మా ఆపాన్ మైదానంలో గాలి ఆగిన రోజైనా ఉంటుందేమో గానీ, ఆమె ఎవరినో ఒకరిని కడిగెయ్యని రోజు ఉండదు. నాకు ఆమె అందుకే ఇష్టం.

మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఓ గొర్రెల మంద, బార్లీ గడ్డి వామి. వానల్లేక బీళ్లు మాడిపోయాయి. ఉత్త ఎండుగడ్డితో గొర్రెలు చిక్కిపోతుంటే, ఆమె ఆ గడ్డిని ముక్కలుగా నరికి, సున్నపు నీళ్లలో నానబెట్టి, పుట్టగొడుగుల విత్తనం కలిపి, సంచుల్లో కూరి చీకటి కొట్లో వేలాడదీసింది. పుట్టగొడుగులు కోసుకున్నాక, తెల్లటి దారాలు అల్లుకుని మెత్తబడిన గడ్డిని మందకు వేసింది. అవి ఎగబడి తిన్నాయి. ఒళ్లు చేశాయి.

కొన్ని సంచులు మాత్రం పచ్చబూజు పట్టాయి. వాటిని కాలవగట్టున పారేసింది. ఊరి కళ్లకు అవే కనబడ్డాయి. ఇంకేముంది, ఎఫ్రోసీనా గొర్రెలకు కుళ్లు మేపుతోందని గుప్పుమంది.

ఊరి పునీతుడి పండుగకు గొయ్యిలో మాంసం కాల్చే పెద్దాయన దోన్ లెయోబార్దో, ఆమె పంపిన గొర్రెను వెనక్కి పంపేశాడు. "కుళ్లు తిన్నదాన్ని ఊరికి పెట్టలేనమ్మా," అన్నాడు.

మరిది నిసేఫొరోకు ఎన్నాళ్లుగానో ఆ మంద మీదే కన్ను. ఆ సాయంత్రమే ఊడిపడ్డాడు.

"లెయోబార్దో వద్దన్నాక ఇంకెవడు కొంటాడు వదినా? మందను నా దొడ్లోకి తోలెయ్."

"పండగ అయ్యేలోగా అతను ఒప్పుకోకపోతే తోలేస్తా. ఒప్పుకుంటే మాత్రం మళ్లీ నా గడప తొక్కకు."

అని ఊరుకుందా? ఊరేగింపు ముందురోజు, అది వెళ్లే దారిలో, తన గుమ్మం ముందే గొయ్యి తవ్వింది. రాళ్లు ఎర్రగా కాల్చి, కలబందలా ఉండే మాగే అనే మొక్క ఆకుల్లో గొర్రె మాంసం చుట్టి, మట్టి కప్పింది. నేను పరుగున వెళ్లాను. కోపంగా ఉన్న మనిషి దగ్గరుంటే గొయ్యిలో మాంసం పచ్చిగానే ఉండిపోతుందని మా నమ్మకం. అలిగిన వాళ్లను గొయ్యి దరిదాపులకు కూడా రానివ్వం.

"మా ఇంటికొచ్చి పడుకో వదినా, పొద్దున్నే తీద్దాం," అని బతిమాలాను.

"నేనెందుకు పోవాలే? నా గొర్రె, నా గొయ్యి, నా కోపం!" పీట లాక్కుని అక్కడే కూర్చుంది.

"ఇక ఉడికినట్టే! రాళ్లు కూడా భయపడి చల్లారిపోతాయి," అని నిసేఫొరో పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

తెల్లారాక ఊరేగింపు వచ్చింది. వాసనకు బాజాల వాళ్లే ముందు ఆగారు. లెయోబార్దో టోపీ తీసి, తానే వంగి మట్టి తోడి ఆకులు విప్పాడు. పట్టుకోగానే ఎముక ఊడి చేతికొచ్చింది. ఓ ముక్క నోట్లో వేసుకున్నాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు.

"ఎప్పుడు చల్లబడ్డావమ్మా?"

"చల్లబడలేదు. ఇప్పటికీ మండిపోతున్నా. ఉడికిందా, లేదా?"

"ఉడికింది."

"ఊరికి వినబడాలి."

"ఉడికింది! రేపటి విందుకు నీ మందలోంచి రెండు పంపు," అని గట్టిగా అరిచాడు.

జనం రొట్టెలు పట్టుకుని ఎగబడ్డారు. నిసేఫొరో కూడా సందు చూసుకుని, రొట్టె చేత్తో పట్టుకుని మెల్లగా గడప మీద కాలు పెట్టాడు.

"కాలు తియ్యి," అంది వదిన.

తీశాడు.