సీటు బెల్టు చివరి జానెడు

తిరుత్తణి బైపాసు పక్కన పాత కార్లు అమ్మే షెడ్డులో నేను చూసిన పదకొండు బళ్ళలో ఏడింటిని లేడీ డాక్టర్లే నడిపారట. ఏ డాక్టరమ్మా వారానికి ఒకసారి గుడికి తప్ప బండి బయటికి తీయలేదట. నిజంగా ఈ పరిసరాల్లో అంతమంది డాక్టర్లు ఉండి ఉంటే, మా ఆయన్ని డయాలసిస్ కోసం మా ఊరు కనకమ్మ సత్రం నుంచి తిరువళ్ళూరు దాకా మోసుకుపోవలసిన పని ఉండేది కాదు.

కారు వెతకడం అందుకే. మంగళవారం, గురువారం, శనివారం. పొద్దున ఆరున్నరకు బయలుదేరాలి. ఆటోకు పోనూ రానూ తొమ్మిది వందలు, అంటే వారానికి రెండు వేల ఏడు వందలు. డబ్బు సంగతి అటుంచితే, ఆ కుదుపులకు ఆయన ఇల్లు చేరేలోపు రెండుసార్లు వాంతి చేసుకునేవారు. మా అబ్బాయికి ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి పొద్దున బండి నడపగలడు. నా దగ్గర ఉన్నది రెండు లక్షలు. లీటరుకు పదిహేను కిలోమీటర్లు ఇవ్వాలి, దారిలో ఆగకూడదు. నేను అడిగినవి ఈ రెండే.

పన్నెండో బండిని మా అబ్బాయి నాకు చూపించకముందే ఇష్టపడి పదివేలు అడ్వాన్సు ఇచ్చేశాడు. తెల్లటి చిన్న కారు. టైర్లకు నల్లరంగు పూసి ఉంది. లోపల అద్దానికి మల్లెపూల సెంటు సీసా వేలాడుతోంది. ఆ సెంటు ఎంత ఘాటుగా ఉందంటే, తలుపు తీయగానే నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. షెడ్డు యజమాని నుదుట విభూతి పెట్టుకుని, బండి ముందు నిమ్మకాయ కట్టి, లీటరుకు ఇరవై రెండు ఇస్తుందని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు.

మా ఆయన ఛాతీ మీద డయాలసిస్ గొట్టం అమర్చి ఉంది. బెల్టు దాన్ని ఒరుసుకోకుండా మధ్యలో దిండు పెట్టాలి. దిండుతో కలిపి సరిపోతుందో లేదో చూద్దామని ముందు సీట్లో కూర్చుని బెల్టు మొత్తం బయటికి లాగాను.

యజమాని నవ్వాడు. "పెద్దమ్మా, అది కట్టుకునేదానికా, కొలిచేదానికా?"

"దిండు పెట్టాల నాయనా. కొలవకుండా ఎట్లా?"

ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే చివరి జానెడు బయటికి వచ్చేసరికి చేతికి గరుకుగా తగిలింది. అక్కడిదాకా నల్లగా ఉన్న పట్టీ ఆ జానెడు మేర మట్టిరంగులో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు కాలువ వాసన. కాళ్ళ కింద పరచిన గుడ్డ ఎత్తాను. ఎండిన ఒండ్రు పొరలు పొరలుగా లేచింది.

"ఇది వరదలో మునిగిన బండి," అన్నాను.

"మునగలేదమ్మా. నీళ్ళు సీటు దాకానే వచ్చినాయి. చెన్నైలో వాన పడితే ఏ బండి తడవలేదు చెప్పు?"

మా అబ్బాయి నా చెయ్యి పట్టుకుని మెల్లగా, "ఎండిపోయినాక ఏమవుతాదిమా? ఇంజిను బాగుంది కదా," అన్నాడు.

"దారిలో ఆగిపోతే మీ నాయన్ని భుజాన ఎత్తుకుపోతావా?"

వాడు చెయ్యి వదిలేశాడు. అడ్వాన్సు తిరిగి ఇమ్మన్నాను. ఇంకొకరు కొంటేనే ఇస్తానన్నాడు యజమాని.

అదే సమయానికి కడంబత్తూరు నుంచి ఒక జంట అదే బండిని చూడడానికి వచ్చింది. ఆ అమ్మాయి చంకలో బిడ్డ. బండి అమ్ముడుపోతేనే నా పదివేలు నాకు వస్తాయని తెలిసి కూడా నోరు మూసుకోలేకపోయాను. ఆ పిల్లను పిలిచి బెల్టు చివర చేతిలో పెట్టాను. వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. చెయ్యి చీరకొంగుకు తుడుచుకుంది. ఆమె భర్త వంగి ఒండ్రుకు ఫోనులో నాలుగు ఫోటోలు తీశాడు. హమ్మయ్య, బయటపడ్డారు అనుకున్నాను.

అతను నేరుగా యజమాని దగ్గరికి పోయి ఫోటోలు చూపించాడు. "ఏందన్నా, మునిగిన బండికి రెండు లక్షలా? ఒకటి అరవై ఇస్తాను."

పావుగంటలో ఒకటి డెబ్బై ఐదుకు బేరం తెగింది. నా పదివేలు నా చేతికి వచ్చాయి. "చానా థ్యాంక్స్ అవ్వా," అని ఆ అబ్బాయి నాకు దండం పెట్టాడు. యజమాని పళ్ళికిలించి, "వాళ్ళకు ఇరవై ఐదు వేలు మిగిలించినావు పెద్దమ్మా, కమీషను అడుగు," అన్నాడు. ఆ పిల్ల మాత్రం సెంటుకు ఏడుస్తున్న బిడ్డను ఊపుతూ దూరంగా నిలబడి ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

బస్టాపులో మా అబ్బాయి అన్న మాట ఇంకా అసహ్యం. "ఆ రేటుకైతే మనమే తీసుకుని ఉండొచ్చుమా."

మరో ఐదు వారాలు ఆటోలోనే తిరిగాం. పదిహేను ప్రయాణాలు, పదమూడు వేల ఐదు వందలు.

ఆరో వారంలో పట్టాభిరామ్‌లో రైల్వేలో పనిచేసి రిటైరైన ఒకాయన ఇంటికి పోయాం. కారు అందవికారంగా ఉంది. ఒకవైపు తలుపు సొట్ట, పైన రంగు పొలుసులుగా లేచింది. ఆయన లుంగీలో బయటికి వచ్చి, మేము అడగకముందే మొదలుపెట్టాడు. "వెనక ఎడమ అద్దం దిగదమ్మా. రెండో గేరు మొరాయిస్తుంది. టౌనులో పద్నాలుగు ఇస్తుంది, రోడ్డెక్కితే పదహారు. అంతకు మించి ఇస్తుందని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. టైర్లు ఈ ఏడాదే మార్చాల." సర్వీసు రశీదులన్నీ తేదీల వరుసలో గుచ్చి ఉంచాడు. అడిగింది లక్షా డెబ్బై. టైర్ల ఖర్చు పోనూ నా రెండు లక్షల్లో ఇంకా కొంత మిగులుతుంది.

మా అబ్బాయి నన్ను గేటు దగ్గరికి లాక్కుపోయాడు. "ఇన్ని తప్పులు వాడే చెప్తా ఉండాడంటే, లోపల ఇంకెన్ని దాచినాడోమా."

లేడీ డాక్టర్ల కథలు నమ్మి పదివేలు పోసినవాడే ఆ మాట అన్నాడు. వీడిని కన్నది, పెంచింది నేనే. ఆ క్షణాన నా మీద నాకే రోత పుట్టింది. నేరుగా లోపలికి పోయి, ఆయన ముందు డబ్బు సంచి విప్పాను.