అరువు కుర్చీలో ఆఫీసరు

ఇస్త్రీ బండి పెట్టుకుని బతికిన ఆ తల్లికి ఇప్పటికీ ఆ ఉదయం గుర్తొస్తే నవ్వాగదు. కూతురికి కాలేజీలో సీటొచ్చింది. ఫీజుకు సర్కారు సాయం కావాలంటే, ఆఫీసరు ఇంటికొచ్చి వాళ్ల పేదరికాన్ని కళ్లారా చూడాలట. లేనివాళ్ల లేమిని ఇలా ప్రదర్శనకు పెట్టించే నిబంధన ఏ మహానుభావుడు రాశాడో!

ఆమెకు మాత్రం గడప తొక్కేవాడు ఎవరైనా చుట్టమే. వీధంతా తిరిగి మెత్తటి కుర్చీ, పూల కర్టెన్లు, పింగాణీ కప్పులు అరువు తెచ్చి ఉన్న ఒక్క గదినీ సింగారించింది.

"కొంప ముంచావమ్మా!" అని కూతురు తల పట్టుకునేసరికి ఆఫీసరు గుమ్మంలో ఉన్నాడు.

ఆయన కుర్చీలో కూర్చుని చుట్టూ చూశాడు. "బాగానే ఉన్నారుగా! మీకు సాయమెందుకమ్మా?"

తల్లి ఇరకాటంలో పడింది. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే పిల్ల చదువు పోతుంది.

"సార్, ఆ కుర్చీ పక్కింటి వదినది. కర్టెన్లు ఎదురింటి పిన్నివి. మీరొస్తున్నారని తెచ్చా."

కిటికీలోంచి పిన్ని తల దూర్చింది. "నావే సార్! చూడండి, కొక్కేలు కూడా నావే!"

ఆఫీసరు పగలబడి నవ్వి, తల్లి అందించిన టీ కప్పు అందుకున్నాడు. "టీ అయినా మీదేనా అమ్మా?"

"టీపొడి నాదే సార్. పంచదార వదినది."

సాయం మంజూరు చేయమని ఆయన అక్కడే రాసి సంతకం పెట్టాడు.

సాయంత్రం తల్లీకూతుళ్లు సామాను తిరిగివ్వడానికి వెళ్తే, ఎవరూ వస్తువుల వంక చూడలేదు. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట: "మన పిల్ల కాలేజీకెళ్తుందా, లేదా?"