ఎడమ భుజానికి వంచిన తుపాకీ

తుపాకీ కనబడితే ఇంట్లోకి పోయి గడియ పెట్టుకోవాలి. అది ఎవరి భుజాన ఉన్నా సరే. చిన్నప్పుడు మా ఊళ్లో నేను తుపాకుల గురించి నేర్చుకున్నది ఇంతే. అలాంటిది నలభై దాటాక, అల్ ఐన్ పక్కన ఒక ఖర్జూరం తోటలో, ఒక ముసలాయన ఇనుప బీరువా తాళం తీసి లోపల వరసగా నిలబెట్టిన తుపాకులు చూపిస్తే అక్కడే ఆగిపోయాను. భయపడి కాదు, ఆ చెక్కను చూసి.

నేను వడ్రంగిని. మా నాన్నా వడ్రంగే, తాతా వడ్రంగే. జగిత్యాల వైపు పల్లె మాది. దుబాయ్ వచ్చాక, అంటే అబుదాబికి వచ్చినా మాకు దుబాయే కదా, పద్నాలుగేళ్లు షట్టరింగ్ పని చేశాను. కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించడం, అది గట్టిపడ్డాక ఆ చెక్కల్ని పీకి పారెయ్యడం. ఎంత నేర్పుగా కట్టినా చివరికి మిగిలేది సిమెంటు గోడ. కరోనా వచ్చిన ఏడు మా కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, పని అయిపోయింది పొమ్మని ఒక్క మాటలో ఖలాస్ అనేశాడు. మఫ్రఖ్ లేబర్ క్యాంపులో మూడు నెలలు గోడలు చూస్తూ కూర్చున్నాను. బనియాస్‌లో కిరాణా కొట్టు నడిపే మా వైపు మనిషి చెప్పగా ఈ తోటలో పని దొరికింది. డేగలు వాలే దిమ్మలు చెక్కడం, అతిథులు కూర్చునే మజ్లిస్ తలుపులు బాగు చెయ్యడం, మేకల దొడ్డికి గేట్లు కట్టడం నా పని. నేను చేసినవి చేసిన చోటే ఉండడం అక్కడే మొదటిసారి చూశాను. కొన్నాళ్లపాటు పొద్దున లేవగానే పోయి నేను కట్టిన గేటు ఉందో లేదో చూసి వచ్చేవాణ్ని.

తోట యజమానికి డెబ్బై అయిదేళ్లు ఉంటాయి. పనివాళ్లమందరం ఆయన్ని పెద్ద అర్బాబ్ అని, కొడుకుని చిన్న అర్బాబ్ అని అనేవాళ్లం. పెద్దాయన నన్ను పేరుతో పిలవలేదెప్పుడూ. నజ్జార్ అనేవాడు, వాళ్ల భాషలో వడ్రంగి అని. మాతో మాట్లాడీ మాట్లాడీ ఆయనకు ఒక మోస్తరు హిందీ వచ్చు. అందులో సగం అరబీ కలిపేవాడు. నాకూ అంతే వచ్చు కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఒకసారి ఆయన చేతికర్ర వంగిపోయింది. మా నాన్న కావడి బద్దలకు నూనె పట్టించి, సెగ మీద తిప్పుతూ, మోకాలికి ఆనించి సరిచేసేవాడు. నేనూ అలాగే చేసి ఇచ్చాను. ఆయన కర్రను కంటి దగ్గర పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. ఎడమ కంటితో చూశాడు. షుగరు వల్ల కుడి కన్ను పోయిందని నాకు అప్పుడే తెలిసింది. మర్నాడు పొద్దున నన్ను తుపాకుల గదికి పిలిపించాడు.

అక్కడ ఒక్కో తుపాకీకి ఒక్కో పని ఉంది. ఒక గొట్టం మీద ఇంకో గొట్టం ఉన్న బరువైన పన్నెండు బోరు, క్లబ్బులో గాల్లోకి విసిరే మట్టి పళ్లేలను పగలగొట్టడానికి. వేలంత సన్నని గొట్టం ఉన్నది కుందేళ్లకు. తూటా తర్వాత తూటా తనే ఎక్కించుకునేది కొడుకుది. దాని వంక పెద్దాయన చూడను కూడా చూడలేదు. రెండు గుళ్లకు తగలని పిట్టను వదిలెయ్యాలి గానీ మూడోది పేలిస్తే అది వేట కాదని ఆయన పట్టుదల. ఇక్కడ ఎడారిలో దేన్నీ కాల్చనివ్వరు. ఆయన ఏటా చలికాలం మొరాకో పోయి, అక్కడి అనుమతి తీసుకుని, కొండల్లో కౌజు పిట్టల వేట ఆడి వచ్చేవాడు.

ఆ కౌజు పిట్టల కోసం ఆయనకు ప్రాణమైన తుపాకీ ఒకటుంది. పక్కపక్కనే రెండు గొట్టాలున్న ఇరవై బోరు. ఆయన తండ్రిది. రోజంతా కొండ ఎక్కినా చెయ్యి లాగనంత తేలిక. ఒక గొట్టం తూటాలోని సీసపు రవ్వలను దగ్గరలోనే వెడల్పుగా చల్లుతుంది, కాళ్ల దగ్గర లేచిన పిట్టకు అది. రెండో గొట్టం రవ్వలను గుంపుగా దూరం పంపుతుంది, తప్పించుకుని పోతున్న దానికి. రెండింటికీ వేర్వేరు మీటలు. పిట్ట లేచిన రెప్పపాటులో ఏ మీట నొక్కాలో వేలే తేల్చుకుంటుందట. ఇంత ఆలోచించి చేసిన మనిషెవరో, ఏ దేశంవాడో గానీ, ఆ పనివాడికి మనసులోనే దండం పెట్టాను.

ఇక ఆ చెక్క. భుజానికి ఆనించే ఆ భాగాన్ని కుందా అంటారు. అక్రోటు కర్ర. ముదురు గోధుమరంగులో నల్లని చారలు మెడ దగ్గర సన్నగా మొదలై వెనక్కి పోయేకొద్దీ విచ్చుకున్నాయి. ఆ చారలు మెడ బలానికి అడ్డం రాకుండా ఏ వైపు కొయ్యాలో చూసి కోశాడు చేసినవాడు. చెంప ఆనే చోట నునుపు వేరుగా ఉంది. అది పాలిష్ కాదు. తండ్రి చెంపా, తర్వాత ఈయన చెంపా రాసుకుని రాసుకుని వచ్చిన మెరుపు. ప్లైవుడ్‌కు మేకులు కొట్టి కొట్టి మొద్దుబారిన నా చేతులు దాన్ని పట్టుకోవడానికి సిగ్గుపడ్డాయి.

ఆయనకు కావలసింది ఇదీ. కుందాను కుడి భుజానికి, కుడి కంటికి తగినట్టు కొంచెం పక్కకు వంచి చేశారు. ఆ కన్ను లేదు. దాన్ని ఎడమకు వంచాలి. యూరప్ పంపితే ఏడాది పడుతుందని కొడుకు కనుక్కున్నాడు. ఎడమ కన్ను కూడా మసకబారుతోందని డాక్టర్ చెప్పాడట, వచ్చే చలికాలానికి ఏమవుతుందో తెలియదు. నవంబరు ఆఖరుకు ప్రయాణం. ఈ ఒక్కసారి తండ్రి తుపాకీతో కొండ ఎక్కాలి, అంతే.

చిన్న అర్బాబ్ ఒప్పుకోలేదు. మేకల గేట్లు కట్టేవాడికి దీన్ని ఇస్తారా అన్నాడు నా ఎదుటే. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. కానీ పెద్దాయన తన చేతికర్రను కొడుకు చేతికిచ్చి, చూడు అన్నాడు. లైసెన్సు లేనివాడి దగ్గర తుపాకీ ఉండకూడదు కాబట్టి గొట్టాలు బీరువాలోనే ఉండిపోయాయి. ఉత్త చెక్క ముక్క ఒక్కటే తెల్లగుడ్డలో చుట్టి నా షెడ్డుకు వచ్చింది.

మూడు రోజులు దాన్ని ముట్టుకోలేదు. పాత మంచం కోళ్లు తెచ్చుకుని వాటి మీద ప్రయత్నించి, రెండు విరగ్గొట్టాను. నాలుగో రోజు కుందా మెడకు నూలుగుడ్డ చుట్టి, అవిసె నూనె కాచి, గంటసేపు గరిటెతో పోస్తూ కూర్చున్నాను. చెక్కతో బిగింపు ఒకటి చేసుకున్నాను. దాని మరను పావు చుట్టు తిప్పడం, చెవి ఆనించి వినడం, మళ్లీ నూనె పొయ్యడం. చెక్క విరిగే ముందు సన్నగా మూలుగుతుంది. అది మూలగలేదు. నూనె తాగి, వేడికి మెత్తబడి, మెల్లగా ఎడమకు ఒదిగింది. అరవై ఏళ్లకు పైబడిన కర్ర నా మాట వినడమేమిటని చేతుల వంక చూసుకున్నాను. బిగింపులోనే వారం ఉంచి తీశాను. వంపు అనుకున్న కొలతకే నిలిచింది.

ఆ మర్నాడే దసరా. సెలవు లేకపోయినా ఆ రోజు నేను పనిముట్లను ముట్టను. పొద్దున్నే స్నానం చేసి రంపం, రందా, ఉలులు, బాడిస, సుత్తి అన్నింటినీ కడిగి గుడ్డ మీద పరిచాను. తడి పసుపు రాసి, కుంకుమ పెడుతూ వరసగా పోతున్నాను. వరస చివర కుందా ఉంది. చెయ్యి ఆగలేదు. ఇంత మంచి వస్తువును వదిలేస్తానా అనుకోవడానికి కూడా సమయం లేదు. చెంప ఆనే చోట బొటనవేలంత పసుపు బొట్టు పెట్టి, దండం పెట్టుకుని, కొబ్బరికాయ కొట్టాను.

సాయంత్రం తుడవబోతే పోలేదు. వేడి నూనె తాగిన కర్ర, పసుపును కూడా తాగేసింది. కంగారులో సబ్బునీళ్లు పెట్టి రుద్దాను. పసుపు మచ్చ కాస్తా పారాణిలా ఎర్రగా అయిపోయింది. ఎర్రబారిన బొట్టుతో ఆ కుందా నా వంక చూస్తోంది. ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడకు తుపాకీ సంగతి చెప్పకుండా, మంచి చెక్క మీద పసుపు పడ్డదని మాత్రం చెప్పాను. నా తెలివికి నవ్వి తర్వాత చెప్పింది.

"పసుపుకు సబ్బు వెడుతరా ఎవలన్న? జరంత నిమ్మరసం అద్దు, పచ్చగనే అయితది. అటెన్క ఎండల వెట్టు. ఎండకు పసుపు ఆగదు."

నిమ్మరసంతో ఎరుపు పోయి మళ్లీ పచ్చగా అయింది. కానీ ఎండ? కొత్తగా వంచిన కర్రను అల్ ఐన్ ఎండలో పెడితే వేడికి మెత్తబడి మళ్లీ వెనక్కి తిరుగుతుంది. ఎండలో పెడితే వంపు పోతుంది, పెట్టకపోతే మచ్చ పోదు. రందా అంచుతో పైపొర గీకేస్తే క్షణంలో పోతుందని తెలుసు. ఎవరికీ తెలియదు కూడా. రందా చేతిలోకి తీసుకున్నాను కూడా. ఆ నునుపు మీద వేలు పెట్టి, రందాను మళ్లీ గుడ్డ మీద పెట్టేశాను.

పొద్దున కుందాను పట్టుకుని పెద్దాయన ముందు నిలబడి జరిగింది చెప్పాను. కొడుకు అక్కడే ఉన్నాడు. ఆయుధానికి పూజ చేస్తావా మా ఇంట్లో అని మండిపడ్డాడు, వీణ్ని ఇవాళే పనిలోంచి పంపించేద్దామన్నాడు. నాకు తల ఎత్తే ధైర్యం లేదు. పెద్దాయన కొడుకుని ఆగమని చెయ్యి చూపించి, మీవాళ్లు పనిముట్లకు ఇలా ఎందుకు చేస్తారని నన్ను అడిగాడు. ఏడాదంతా వాటిని వాడుకుంటాం, దాటుతాం, తొక్కుతాం. ఒక్కరోజు తప్పు ఒప్పుకుని, ఆ రోజుకు సెలవిస్తామని నాకు వచ్చిన హిందీలో చెప్పాను. ఆయన కుందాను చేతిలోకి తీసుకున్నాడు. మచ్చను బొటనవేలితో తడిమాడు.

"మా దీన్‌లో, మా మతంలో, ఇది చెల్లదు, నజ్జార్. నా తుపాకీ మీద ఉండకూడదు," అన్నాడు. "కానీ గీకొద్దు. గీకితే మా నాన్న పోతాడు."

రాత్రి నా చేతిలో ఏముందో ఆయనకు తెలియదు.

మచ్చ ఎండకే పోతుంది, కానీ ఎండలో పెడితే వంపు పోతుందన్నాను. వేడి లేని ఎండ ఎప్పుడుంటుందని ఆయన అడిగాడు. పొద్దు పొడిచాక అరగంట అన్నాను. మర్నాడు ఆయన తెల్లవారుజాము ఫజర్ నమాజు చేసుకుని, తోట అంచున ఇసుక మొదలయ్యే చోట చాప పరిపించి కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. కుందాను తన ఒళ్లో పెట్టుకుని, మచ్చను సూర్యుడి వైపు తిప్పి, మెడ కింద అరచెయ్యి పెట్టాడు. కర్ర అరచేతికన్నా వెచ్చబడితే తీసెయ్యాలన్నది నేను చెప్పిన సూత్రం. నేనే పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. వెచ్చబడగానే నా వైపు చూసేవాడు, నేను తాకి చూసి యల్లా అంటే లేచేవాళ్లం.

అలా పద్నాలుగు పొద్దులు కూర్చున్నాం. అంత పెద్ద మనిషి, పదిమంది పనివాళ్లున్న మనిషి, నేను చేసిన తప్పును తన ఒళ్లో పెట్టుకుని ఎండ కాయించాడు. ఏ ముదీర్ దగ్గరా, ఏ సూపర్‌వైజర్ దగ్గరా చూడలేదు ఇలాంటిది. కూర్చున్నంతసేపూ ఆయన కొండల గురించి చెప్పేవాడు. కౌజు పిట్ట మొదట పరుగెత్తుతుందని, ఎగరక తప్పనప్పుడే ఎగురుతుందని. మా మొక్కజొన్న చేలల్లోనూ అంతేనన్నాను. మచ్చ రోజురోజుకూ పలచబడింది. పద్నాలుగో రోజు ఇద్దరం తలలు ఆనించి వెతికినా కనబడలేదు. చిన్న అర్బాబ్ కూడా వచ్చి, వంగి చూసి, కొలబద్దతో వంపు కొలిచి, నాకు చాయ్ పంపించాడు.

నవంబరు ఆఖరున వాళ్లు మొరాకో వెళ్లారు. ఆ మూడు వారాలు నాకు అన్నం సయించలేదు. మెడ తటాలున విరిగిందేమో, వంపు చాలలేదేమో, ఉన్న ఆ కాస్త చూపుతో ఆయన కొండ ఎక్కి, పిట్ట లేచాక తుపాకీ చెంపకు కుదరక, తడుముకుంటూ నిలబడ్డాడేమో. అదే జరిగితే తప్పు నాది. మళ్లీ చలికాలం వస్తుందని చెప్పి తప్పించుకోవడానికి కూడా లేదు.

వచ్చిన రోజే మజ్లిస్‌కు పిలిపించాడు. ఎండకు మొహం నల్లబడింది, మనిషి తగ్గాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడి, కుందా ఎలా ఉంది అర్బాబ్, సరిపోయిందా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచించడం చూసి నా పని అయిపోయిందనుకున్నాను.

"పిట్ట లేచింది, నజ్జార్. నేను పిట్టనే చూశాను," అన్నాడు. "తుపాకీ చేతిలో ఉందన్న సంగతే గుర్తుకు రాలేదు. చప్పుడు విన్నాక తెలిసింది నాకు, కాల్చానని."

తల ఊపి వచ్చేశాను. షెడ్డులో బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. నువ్వు చేసిన పని నాకు గుర్తుకే రాలేదని ఒక మనిషి చెబితే అంత సంతోషం కలుగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.