చేదు వాటా

ఆ ఆస్పత్రి క్యాంటీన్లో కూరగాయలు తరిగే ఆవిడను అందరూ కోతల పిన్ని అంటారు. పేరుకే కోతలు గానీ, ఆమె నోట ఒక్క గొప్ప మాట దొర్లదు. పెళ్లయిన కొత్తలో కత్తి పట్టుకుంది, జుట్టు నెరిసినా దించలేదు.

ఆమె భర్త అక్కడే వంటమనిషి. కీరదోసకాయల బుట్ట దిగిందంటే చాలు, గరిటె పక్కన పడేసి వచ్చేవాడు. ఆమె ఒక్కో కాయకీ ముచ్చిక, అంటే తొడిమ వైపు కొన, కోసి ఇస్తే కొరికి చూసేవాడు. బాగుంటే తల ఊపేవాడు. చేదయితే ఆ కాయ లాక్కుని, ఉప్పయినా అద్దుకోకుండా అక్కడే నిలబడి నమిలేసేవాడు.

"పారేయొచ్చుగా!" అనేది పిన్ని.

"పండించినవాడి కష్టం పారేస్తామా? ఇది నా వాటా. పెద్ద చేదేం కాదులే," అని నవ్వేవాడు.

పెళ్లయ్యాక ఒక్క చేదు కాయ కూడా ఆమె నోటిదాకా రాలేదు. ఆయన రానిచ్చేవాడు కాదు.

ఆయన పోయాక ముచ్చిక చూసే పని ఆమె మీదే పడింది. రోజూ ప్రతి కాయా కొరుకుతుంది. ఇప్పుడొచ్చే కాయల్లో ఒక్కటంటే ఒక్కటి చేదు తగలదు. అన్నీ ఒకే పొడవు, ఒకే పచ్చదనం, ఒకే నీళ్ల రుచి. ఒక్క తల్లి పిల్లలు కూడా అంత పోలికగా ఉండరు.

"ఎందుకు పిన్నీ ఆ కొరుకుడు? కంపెనీ కాయలు చేదుండవు, గ్యారంటీ," అన్నాడు మేనేజరు.

"అలవాటు బాబూ," అంది.

అలవాటు కాదు. ముచ్చిక పంటి కింద పడిన క్షణం ఆయన వచ్చి పక్కన నిలబడినట్టుంటుంది. చేదు తగిలితే చెయ్యి చాపి లాక్కుంటాడని ఆశ. ఈ వయసులో ఇదేం పిచ్చని తనను తానే తిట్టుకుంటుంది, మర్నాడు మళ్లీ కొరుకుతుంది.

చేదు కాయ కోసం దుకాణాలన్నీ తిరిగింది. మూడు దుకాణాల్లో మూడు పేర్ల పెట్టెలు, రుచి మాత్రం ఒక్కటే. చివరికి తోపుడుబండి మీద కూరలమ్మే వదినను పట్టుకుంది.

"వదినా, ఒక్క చేదు కీరా తెచ్చిపెట్టవూ?"

బండి వదిన పగలబడి నవ్వింది. "ఓసి నీ దుంపతెగ! చేదు కాయ తగిలితే నా మీదికి పోట్లాటకొచ్చేవాళ్లే గానీ, అదే కావాలని అడిగినదాన్ని నిన్నే చూశాను!" పిన్ని మొహం చూసి నవ్వు ఆపేసింది. "ఇంకెక్కడుంటుందే? ఆ పెట్టెల మీద పేర్లే వేరు, కంపెనీ ఒక్కటే. విత్తనం వాళ్లది, మందు వాళ్లది, కొనేదీ వాళ్లే. కాయ కాస్త వంకరపోతే తీసుకోరు. రైతులు ఇంట్లో విత్తనం దాచుకోవడం ఎప్పుడో మానేశారు."

చేదు పోతే మంచిదేగా అంటారు ఎవరైనా. మంచిదే, కాదన్నదెవరు? కానీ మన నోట్లోకి ఏ రుచి రావాలో, ఏది రాకూడదో ఎక్కడో కూర్చుని తేల్చేసినవాళ్లు, తినేవాళ్లను మాటవరసకైనా అడగలేదు. మనమేమో బేరమాడి, ఏరి ఏరి కొనుక్కున్నామని మురిసిపోతున్నాం.

వానలు వెనకబట్టాక, ఒక మధ్యాహ్నం బండి వదిన క్యాంటీన్ వెనక తలుపు దగ్గరికొచ్చి ఒక వంకర కాయ చేతిలో పెట్టింది.

"మా పెద్దమ్మ పెరటి కంచె మీద కాసింది. పాత విత్తనమే, ఏటా దాచుకుంటుందట. చేదో కాదో నాకు తెలీదు, తర్వాత నన్ను తిట్టకు."

పిన్ని గుమ్మంలోనే కూర్చుని ముచ్చిక కోసి కొరికింది.

చేదు!

ఇన్నాళ్లకు దొరికింది. పిన్ని పక్కకు చూసింది, లాక్కునే చెయ్యి లేదు. సరే, ఆయన వాటా ఇవాళ నేనే తింటాననుకుని కాయను గట్టిగా కొరికింది. నాలుక మెలితిరిగిపోయింది. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. పట్టుదలగా నమిలింది గానీ గొంతు దిగనివ్వలేదు. పరుగెత్తి తొట్టిలో ఉమ్మేసి, నీళ్లు పుక్కిలించింది. అయినా వదల్లేదు. మళ్లీ కొరికింది, మళ్లీ ఉమ్మేసింది. సగం కాయ కూడా తినలేకపోయింది.

"అంత చేదుగా ఉందా?" వీపు నిమురుతూ అడిగింది బండి వదిన.

పిన్ని మిగిలిన ముక్కను రెండు చేతుల్లో పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇంత చేదని ఒక్కనాడూ చెప్పలేదు వదినా. నవ్వుతూ తినేవాడు."