వదులుగా నేసిన పట్టీ

నా చిన్నప్పుడు కవిటిలో, మాతోనే ఉండే మా మేనత్త అరుగు మీద కూర్చుని రంగు పట్టీలు నేసేది. ఒళ్ళో పట్టేంత చెక్క మగ్గం. నాలుగైదు చెక్క మేకులు, వాటి చుట్టూ దండలా తిరిగిన పడుగు నూలు, అంతే. పావడా అంచులకూ జడలకూ వీధిలో ఆడపిల్లలంతా ఆ పట్టీలే అడిగి పట్టుకెళ్ళేవారు. నాకు మాత్రం ఆ మగ్గం చూస్తేనే విసుగు. ఒక్కచోట కుదురుగా కూర్చోవడం నా జాతకంలో లేదని అమ్మ అనేది.

ఒక ఏడు అమ్మకు ఒళ్ళంతా నీరు పట్టింది. ఆ జబ్బుకు పేరేమిటో అప్పట్లో మాకు తెలియదు. నాన్న పలాసలో రైలెక్కించి విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఎప్పుడొస్తుందని అడిగితే ఎవరూ తిన్నగా చెప్పరు. నేను అన్నం మానేసి వీధి తలుపు పట్టుకుని వేలాడుతుంటే అత్త పిలిచి మగ్గం నా ఒళ్ళో పెట్టింది. నేత మొదట్లో ఎర్ర దారంతో ఒక ముడి వేసింది. నేసేకొద్దీ పట్టీని జరుపుతూ పోతే ఆ ముడి మగ్గమంతా చుట్టి మళ్ళీ నా చేతి దగ్గరకే వస్తుందట. "ముడి నీ సేతికొచ్చేసరికి మీ అమ్మ వచ్చేత్తాది," అంది.

ఇక నన్ను ఆపేదెవరు? అడ్డంగా పేక దారం దూర్చిన ప్రతిసారీ చెక్క బద్దతో గట్టిగా కొట్టి దగ్గరకు చేర్చాలి. అలా కొడితే పట్టీ ఎంతకీ పెరగదు. అందుకని కొట్టడమే మానేశాను. మూడో రోజుకల్లా ఎర్ర ముడి నా చేతికి వచ్చేసింది. మొహం కడుక్కుని, జడ వేయించుకుని, గుమ్మంలో కూర్చున్నాను. బస్సులు వచ్చాయి, పోయాయి. అమ్మ రాలేదు.

చీకటి పడబోతుంటే మగ్గాన్ని విసిరికొట్టి, అబద్ధం చెప్పావని అత్త మీద పడి ఏడ్చాను. ఆమె తిట్టలేదు. మగ్గాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుని, జల్లెడలా ఉన్న ఆ పట్టీని చూసింది.

"ఎప్పుడొత్తాదో నాకూ తెల్దే అమ్మా. సేతిలో పనుంటే నీకు కుసింత తేలికగుంటాదని అలగన్నాను."

అత్త కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. పెద్దవాళ్ళకూ తెలియనివి ఉంటాయని అంతవరకూ నాకు తెలియదు. మర్నాడు ఇద్దరం కలిసి కొత్త పడుగు ఎక్కించాం. ఈసారి ముడి వేయలేదు. ప్రతి పోగూ కొట్టి నేశాను.

ఆ పట్టీ సగంలో ఉండగా అమ్మ వచ్చింది, పుల్లలా చిక్కిపోయి. అత్త రెండూ చూపించింది. అమ్మ బాగున్నదాన్ని వదిలేసి, సందులున్నదాన్ని వేళ్ళతో తడుముతూ ఇదెందుకిలా ఉందని అడిగింది.

"నువ్వు బేగొచ్చీయాలని అలగ నేసింది, వదినా."

అమ్మ ఆ పట్టీతోనే జడ కట్టుకుంది. తర్వాత ఆమె బతికిన రెండేళ్ళూ పండగకైనా పబ్బానికైనా అదే కట్టుకుంది.

ఇప్పుడు నేను నేసే పట్టీలో సూది కూడా దూరదు. పెట్టెలో దాచుకున్నది మాత్రం ఆ వదులు పట్టీనే. అమ్మ మీద బెంగ పుట్టినప్పుడు తీసి, ఆమె వేళ్ళు తిరిగిన సందుల్లో నా వేలు పెట్టుకుంటాను. ఈ వయసులోనూ ఆ బెంగ తీరలేదు.

మా వీధిలో ఇప్పటికీ ఏదో ఒక ఇంట్లో అదే కిడ్నీ జబ్బుతో ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళ కోసం ఎదురుచూపులే. ఆ ఇంటి పిల్లల్ని పిలిచి మగ్గం ఒళ్ళో పెడతాను. వాళ్ళమ్మ ఎప్పుడొస్తుందని అడిగితే నాకూ తెలియదనే చెప్పి, పక్కనే కూర్చుంటాను. ఎర్ర ముడి మాత్రం వేయను.