మూడు నక్షత్రాల ఫస్ట్ క్లాసు

మేలు చేయబోయి మనిషిని ముంచడం ఎలాగో నేర్చుకోవాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే నా దగ్గరికి రావచ్చు. ఇరవై ఆరుమంది తెలుగువాళ్లను పోగేసి, మాకు వేళకింత వేడివేడిగా పెట్టిన ఒక పెద్దావిడ నోటికాడి కూడు తీసేయబోయినవాణ్ని నేను. ఆ ఇరవై ఆరుమందిలో ఒక్కరికి కూడా ఆవిడ మీద కోపం లేదు. అందరం ఆవిడ బాగు కోరే చేశాం. ఇది చదువుతూ మీకు నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నాకు మాత్రం నవ్వు రావడానికి చాలాకాలం పట్టింది.

2009లో సంగతి. ఎమ్మెస్ అయిపోయి షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరాను. జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, మా ఊరికి ముప్పావు గంట దూరంలో, నది ఒడ్డున నా కారు బ్యాటరీ చచ్చిపోయింది. ఫోన్ పట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కే చలి. ఎదురుగా ఒక పాత రాతి కట్టడం కనిపించింది. పూర్వం పడవల మీద సరుకు తెచ్చేవాళ్లు దిగి గొంతు తడుపుకుని వెళ్లిన పబ్ అది. వరదలో మునిగి కొన్నేళ్లు మూతబడితే, ఊరి బోర్డువాళ్లు బాగుచేయించి ఆమధ్యే మళ్లీ తెరిచారు. దాన్ని మేము రేవు పబ్ అనేవాళ్లం.

నేను తలుపు తట్టేలోపే అరవై దాటిన ఒకావిడ, ఏప్రాన్ మీదే కోటు తగిలించుకుని, జంపర్ కేబుళ్లు భుజాన వేసుకుని బయటికొచ్చింది. పేరు మార్జరీ. తన కారు తెచ్చి నా కారుకి ప్రాణం పోసి, లోపల కూర్చోబెట్టి, ఏం తింటావని అడిగింది. మాంసం తిననని చెబితే, సరే అని బంగాళాదుంపల సూప్ పెట్టింది. ఎలా ఉందని అడిగింది. నేను ఇంగ్లీషులో "పర్వాలేదు" అన్నాను.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయన తెనాలిలో ఫిజిక్సు లెక్చరరు. మా ఇంట్లో "పర్వాలేదు" అనే మాట వినబడిందంటే పండగే. దానికి మించిన పొగడ్త మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పుచ్చుకోలేదు. మా అమ్మ పాతికేళ్లు వంట చేసి ఆ మాట నాలుగైదుసార్లు సంపాదించుకుంది. మార్జరీకి ఇదంతా తెలియదు గదా, మొహం చిన్నబుచ్చుకుంది. కానీ నేను అదే ఊపులో మూడు గిన్నెలు ఖాళీ చేయడం చూసి ఏమనుకుందో, నాలుగో గిన్నె తెచ్చింది.

ఆ తర్వాత ప్రతి శనివారం అక్కడే తిండి. మా రూమ్మేట్ మల్లేశ్‌ను తీసుకెళ్లాను. కరీంనగర్ వాడు, కారం లేనిదే ముద్ద దిగదు. మార్జరీ ఎక్కడినుంచో పచ్చిమిరపకాయలు తెప్పించి, సన్నగా తరిగి, ఒక సీసాలో వేసి కిటికీ పక్క బల్ల మీద మా కోసం ఉంచేది. మల్లేశ్ ద్వారా క్రికెట్ టీమంతా వచ్చింది. వాళ్ల వెనక పెళ్లాం పిల్లలూ వచ్చారు. మాలో బీరు తాగేవాళ్లు ముగ్గురే. మిగతావాళ్లం పబ్‌కి వెళ్లి సూప్ తాగి వచ్చేవాళ్లం.

ఆ పబ్‌ను బోర్డు మార్జరీకి ఒక్క ఏడాదికే ఇచ్చింది. ఆవిడ వయసులో ఉన్నప్పటినుంచీ ఆ వంటింట్లోనే పనిచేసింది. వరదకు ముందు ఉన్న యజమాని తిరిగి రానంటే, నేను నడుపుతానని ముందుకొచ్చింది. బోర్డులో ఇద్దరికి ఆవిడంటే గురి లేదు. ఊరూరా శాఖలున్న ఒక హోటల్ కంపెనీకి ఇచ్చేద్దామని వాళ్ల పట్టు. చివరికి తేల్చింది ఏమిటంటే, గుమ్మం దగ్గర ఒక పెట్టె పెడతారు, వచ్చినవాళ్లు కార్డు మీద అభిప్రాయం రాసి అందులో వేస్తారు, ఏడాది చివర అవి చూసి నిర్ణయిస్తారు. కార్డు మీద ఐదు నక్షత్రాలు, వాటి కింద నాలుగు గీతలు.

ఆవిడకి వచ్చే అభిప్రాయాలు కొన్ని మా ముందే వినబడేవి. వరదకు ముందునుంచీ వచ్చేవాళ్లను మెప్పించడం ఎవరి తరమూ కాదు. పాత చెక్కనేల కిర్రుమనేదని, కొత్త నేల చప్పుడు చేయకపోతే ఎవరొచ్చారో ఎలా తెలుస్తుందని ఒకాయన అడిగేవాడు. గోడల ఆకుపచ్చ రంగు చూస్తే ఆసుపత్రి గుర్తొస్తోందని ఇంకొకావిడ. తను ముప్పై ఏళ్లుగా కూర్చునే కుర్చీకి వార్నిష్ వేశారని, కూర్చుంటే జారిపోతున్నానని ఒక రైతు నిజంగానే బాధపడ్డాడు. అందరూ తిట్టుకుంటూనే మర్నాడు మళ్లీ వచ్చేవాళ్లు, వెళ్లేటప్పుడు ఐదు నక్షత్రాలూ నింపి పెట్టెలో వేసేవాళ్లు. అది నేను గమనించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

గడువు ఇంకో పదిహేను రోజులుందనగా మార్జరీ మా బల్ల దగ్గరికి వచ్చింది. మీరు కూడా రాయండి బాబూ, జాలిపడి రాయొద్దు, నిజం రాయండి అంది. ఆ వంటిల్లు పోతే తనకి ఇంకోటి లేదని కూడా అంది. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి ఆ మాట అనేటప్పుడు ఏప్రాన్ అంచు మెలిపెడుతూ నిలబడింది. మా వాళ్లందరి చేతా రాయిస్తానని మాటిచ్చాను.

మర్నాడు క్రికెట్ గ్రౌండులో సభ పెట్టాను. ఇక్కడ నాలుగు సెమిస్టర్లు ఏ గ్రేడులూ బీ గ్రేడులూ తెచ్చుకుని బతికినవాణ్నే. కానీ ఐదుకి ఎన్ని అనేసరికి నాలో లెక్చరరు కొడుకు లేచి కూర్చున్నాడు. మా నాన్న చేతిలో అరవై దాటినవాళ్లు అరుదు. అరవై మూడు వచ్చిన ఒక కుర్రాడి తండ్రి మా ఇంటికి అరటిపళ్ల గెల మోసుకొచ్చాడు. అందుకని అందరూ మూడు నక్షత్రాలే వేయాలని తీర్మానించాను.

మల్లేశ్ ఒప్పుకోలేదు. "నాలుగియ్యనియ్యి భాయ్. ఆమె మన కోసం మిరపకాయలు తెప్పిస్తది. గంత కూడ ఇయ్యమా?"

"నాలుగంటే ఎనభై శాతం. నీకెప్పుడైనా ఎనభై వచ్చిందా?"

"నాకెన్నడొచ్చినయ్."

"మరి? ఎనభై వేస్తే మనల్ని దొంగ ఓట్లకు తెచ్చారనుకుంటారు. మూడంటే అరవై, ఫస్ట్ క్లాసు. మార్కుల సంగతి నాకు చెప్పకు, నేను డిస్టింక్షన్ వాణ్ని."

ఆ చివరి మాటతో మల్లేశ్ తగ్గాడు. బీటెక్‌లో నాకు డిస్టింక్షన్ అని అమెరికాలో దిగిన రోజునుంచీ చెబుతూ వచ్చాను. ఎవరూ కాగితం అడగలేదు గనక నాకే నమ్మకం కుదిరిపోయింది.

అడ్డం చెప్పింది ఇంకొకరే. మా కెప్టెన్ గారి అమ్మాయి నిత్య, ఇక్కడే పుట్టింది, కాలేజీలో చదువుతోంది. "అంకుల్, త్రీ అంటే ఇక్కడ బ్యాడ్," అంది. నాకప్పుడు పాతికేళ్లు. అంకుల్ దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. మిగతా వాక్యం లోపలికి పోలేదు.

అంతటితో ఊరుకున్నానా? నిజమైన అభిప్రాయం అన్నాక ఒక్క లోపమైనా చూపించాలని, లేకపోతే కాకా పట్టినట్టుంటుందని నేర్పాను. మావాళ్లు శ్రద్ధగా వెతికారు. సూప్ అమోఘం గాని ఉప్పు చిటికెడు తక్కువని ఒకరు. బాత్‌రూమ్ అద్దంలా ఉంది గాని మగ్గు లేదని ఇంకొకరు. మా వికెట్ కీపర్‌కి ఎంత వెతికినా ఏమీ దొరక్క, నది చప్పుడు కొంచెం తగ్గిస్తే బాగుంటుందని రాశాడు. నేను దగ్గరుండి కార్డులన్నీ సరిచూశాను. మల్లేశ్ దొంగచాటుగా నాలుగో నక్షత్రం నింపితే కొత్త కార్డిచ్చి మళ్లీ రాయించాను. నిత్య తన కార్డు నాకు చూపించకుండా పెట్టెలో వేసేసింది.

బోర్డు మీటింగు ఒక గురువారం సాయంత్రం, ఆ ఊరి లైబ్రరీ హాల్లో. మాలో పదకొండుమందికి ఆఫీసు నుంచి రావడం కుదిరింది. ఇస్త్రీ చొక్కాలతో మొదటి వరసలో కూర్చున్నాం. నా ఒళ్లో సర్టిఫికెట్ల ఫైలుంది. హెచ్-1 ఫైలింగ్‌కి ఒరిజినల్స్ అన్నీ చూపించాలంటే, లాయర్ దగ్గరినుంచి నేరుగా వచ్చాను.

గుమస్తా లేచి లెక్క చదివాడు. ఏడాది పొడుగునా దాదాపు అన్నీ ఐదు నక్షత్రాలేనని, చివరి రెండు వారాల్లో మాత్రం ఇరవై ఐదు కార్డులు మూడు నక్షత్రాలతో వచ్చాయని అన్నాడు. మేము పదకొండుమందిమీ చప్పట్లు కొట్టాం.

హాల్లో ఇంకెవరూ కొట్టలేదు. మార్జరీ వెనక్కి తిరిగి మా వైపు చూసింది. కోపంగా చూసినా తట్టుకునేవాణ్ని. ఏం తప్పు చేశాను అని అడుగుతున్నట్టు చూసింది. నా చేతులు చప్పట్ల మధ్యలో ఆగిపోయాయి.

అధ్యక్షురాలు ఒక రిటైరైన స్కూలు టీచరు. ఇంతమంది ఒక్కసారిగా అసంతృప్తి చెందారంటే వంటింట్లో ఏదో తేడా వచ్చి ఉంటుందని, అందుకు విచారిస్తున్నానని అంది. హోటల్ కంపెనీ కోరుకునే ఇద్దరిలో ఒకాయన, ఇక ఈ ఏర్పాటు చాలిద్దామని ప్రతిపాదించాడు.

"అసంతృప్తి అంటుండేందిరా?" అన్నాడు మల్లేశ్ నా చెవిలో. "మన గురించేనా?"

లేచి నిలబడ్డాను. ఆ మూడు నక్షత్రాలూ నేను వేయించినవేనని, మా దగ్గర వందకి అరవై వస్తే ఫస్ట్ క్లాసని, మాకందరికీ ఆవిడంటే ప్రాణమని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆ సభ్యుడు నన్ను ఎగాదిగా చూసి, ఈ మాటకి రుజువేమైనా ఉందా అని అడిగాడు.

రుజువు నా చేతిలో ఉన్న ఫైల్లోనే ఉంది. అందులో బీటెక్ సర్టిఫికెట్ మీద అరవై ఒక్క శాతం అని, పక్కనే ఫస్ట్ క్లాస్ అని అచ్చేసి ఉంది. దాని కింద సబ్జెక్టులవారీ మార్కుల మెమో కూడా ఉంది. పక్కన పదిమంది, డిస్టింక్షన్ అని నమ్మి నా మాట విన్నవాళ్లు. ఒక్క క్షణం, పూర్తిగా ఒక్క క్షణం, కూర్చుండిపోదామా అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. మార్జరీ ఏప్రాన్ అంచు మెలిపెట్టడం గుర్తొచ్చి, ఫైలు తీసుకెళ్లి ఇచ్చేశాను.

టీచరమ్మ కళ్లజోడు సవరించుకుని, మెమో పైనుంచి కింది దాకా గొంతెత్తి చదివింది. మ్యాథమెటిక్స్-టూ, నలభై, అని ఆగింది. మిగతావాటికన్నా ఇది రెండేళ్లు ఆలస్యంగా పాసైనట్టుందే అని అడిగింది.

"మూడోసారికి పాసయ్యాను మేడమ్."

"అయినా ఫస్ట్ క్లాసేనా?"

"అవును మేడమ్. మా నాన్న పర్వాలేదన్నారు."

నా వెనక మల్లేశ్ దగ్గాడు. ఆ దగ్గులో నా డిస్టింక్షన్ పోయింది.

ఆవిడ మెమో మడిచి, నక్షత్రాలు సరే, వాళ్లు రాసిన మాటలు కూడా చదవమని గుమస్తాకి చెప్పింది. అంతవరకూ ఎవరూ ఆ మాటలు చూడలేదు. ఉప్పు, మగ్గు, నది చప్పుడు అన్నీ వచ్చాయి. తర్వాత మల్లేశ్ కార్డు వచ్చింది. "ఈ దేశం వచ్చి మూడేళ్లయింది. ఏం తినవు అని అందరూ అడిగారు. ఏం తింటావు అని అడిగింది ఈమె ఒక్కతే. ఇంకా కారం పడుతుంది." మల్లేశ్ తల దించుకుని బూట్ల వైపు చూస్తున్నాడు. తర్వాత వచ్చింది నాది. అందులో ఒక్క మాటే ఉంది, పర్వాలేదు అని.

మార్జరీ కళ్లు తుడుచుకుంటూ లేచింది. "ఇతను మొదటిరోజు కూడా ఇదే మాటన్నాడు. అని నాలుగు గిన్నెలు తాగాడు. ఇతను చెప్పేది నిజమే," అంది.

ఒక్క ఓటు తేడాతో పబ్ మార్జరీకి ఉండిపోయింది. నిత్య వేసిన ఐదు నక్షత్రాల కార్డును గుమస్తా చివర్లో చదివాడు. "మా అంకుల్స్‌ని పట్టించుకోకండి" అని రాసింది.

ఇప్పుడు ఆ పబ్ గోడ మీద పాత పడవల ఫోటోకీ వరద ఫోటోకీ మధ్య, అద్దం బిగించిన ఫ్రేములో నా మార్కుల మెమో నకలు వేలాడుతోంది. మార్జరీ అడిగితే కాదనలేకపోయాను. షికాగోలో దిగిన ప్రతి కొత్త తెలుగు కుర్రాణ్నీ మల్లేశ్ ముందు అక్కడికే తీసుకెళ్లి, మ్యాథ్స్-టూ మీద వేలు పెట్టి చూపించి, తర్వాత సూప్ పెట్టిస్తాడు.

ఆ ఫ్రేము సాక్షిగా నేనొక ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో ఎవరికీ ఐదుకి ఒక్కటి కూడా తగ్గించను. జుట్టు పాడుచేసిన సెలూన్‌కి ఐదు. సూట్‌కేసు పోగొట్టిన విమానానికి ఐదు. నాన్న ఫోన్లో తన ఉపన్యాసం ఎలా ఉందని అడిగినా ఐదే.

మొన్నామధ్య మార్జరీ సూప్ పెట్టి ఎలా ఉందని అడిగితే, ప్రతిజ్ఞ ప్రకారం ఐదుకి ఐదు అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. నా ఎదురుగా కూర్చుని, "ఏం బాబూ, ఇవాళ సరిగ్గా కుదరలేదా?" అని మెల్లగా అడిగింది.

గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, పర్వాలేదు అన్నాను. ఆవిడ రెండో గిన్నె తేవడానికి లోపలికి వెళ్లింది. అందుచేత ప్రతిజ్ఞకి ఒక సవరణ చేసుకున్నాను. ప్రపంచానికంతా ఐదు, మార్జరీకి మాత్రం మూడు.