చివరి మడి నిండేదాకా

నా చిన్నప్పుడు, కువైట్‌లోని జహ్రాలో ఒక పాత తోట గోడల మధ్య మూడేళ్ళు పెరిగాను. ఎత్తయిన మట్టి గోడలు, లోపల ఖర్జూరపు చెట్లు, వాటి నీడన గడ్డి మళ్ళు. ఎడారి గాలిని ఆపడానికి ఆ ఇంటివాళ్ళ ముత్తాత కట్టించిన గోడలవి. మా నాయన అక్కడ తోటపని చేసేవాడు, అమ్మ వంట చేసేది. యజమానురాలైన పెద్దావిడను పనివాళ్ళందరిలాగే మేమూ ‘మామా’ అనేవాళ్ళం, అంటే అక్కడి మాటలో అమ్మ అని.

కడప దగ్గర మాకూ రాతి గోడ కట్టిన మామిడితోట ఉండేది. మా తాతయ్య గుర్రం దిగకుండానే దాన్ని చుట్టి వచ్చేవాడట. నేను పుట్టేనాటికి అది వేరేవాళ్ళదైంది. అయినా ఆ తోటవాళ్ళ మనవరాలిననే సంగతి నేను మరిచిపోలేదు. నాయన పార అందుకొమ్మంటే చేతులు వెనక్కి పెట్టుకునేదాన్ని. ఆయనే వంగి అందుకునేవాడు. ఒక మడి నిండగానే దాని నోరు మట్టితో మూసి, నీళ్ళను పక్క మడికి మళ్ళించాలి. మేం దాన్ని మడవ తిప్పడం అంటాం. గట్టు మీద నిలబడి చూసి చూసి ఆ పని నాకు వచ్చేసింది. చేయలేదంతే.

ఇరాక్ సైన్యం వచ్చిన ఆగస్టులో, కువైట్ సైన్యంలో అధికారిగా ఉన్న మామా కొడుకు కనబడకుండా పోయాడు. అలాంటివాళ్ళు దొరక్కపోతే అయినవాళ్ళను పట్టుకుపోతున్నారని తెలిసింది. మామా మాత్రం తోట వదలనంది. అమ్మ తన నూలు చీర ఆమెకు కట్టి, బొట్టు పెట్టబోయి ఆగింది. మామాయే తల ముందుకు వంచింది.

ఒక ఉదయం ముగ్గురు సైనికులు నేరుగా తోటలోకి వచ్చారు. వాళ్ళు దగ్గరికి రాకముందే నాయన తన చేతిలోని పారను మామా చేతిలో పెట్టాడు.

ఇంటావిడ ఎక్కడని వాళ్ళలో పెద్దవాడు అరబ్బీలో అడిగాడు.

“మామా మాఫీ. సౌదీ పోయింది,” అని నాయన పనివాళ్ళ అరబ్బీలో ఆమె లేదని చెప్పి, వెంటనే మామా వైపు తిరిగాడు. “ఏం మే, నిలబడి నిద్రపోతాండావా? మడవ తిప్పు! నీళ్ళన్నీ పాయె!”

తెలుగు ఒక్క ముక్క రాకపోయినా ఆమె వంగింది. కానీ పారను చీపురులా పట్టుకుంది. గట్టు తెగి నీళ్ళు బాట మీదికి వచ్చాయి. పెద్దవాడి చూపు కాయలు కాయని ఆ తెల్లటి చేతుల మీద ఆగింది.

నేను మడిలోకి దిగాను. ఆమె రెండు చేతులూ పట్టుకుని బురదలోకి లాగి, దోసిళ్ళతో మట్టి ఎత్తి గండి పూడ్చాను.

“చేతగాకుంటే పక్కకు జరుగవ్వా! పొద్దున్నే నా పానం తీస్తాండావు!”

సైనికులు నవ్వారు. నీళ్ళు బూట్లను తాకేసరికి వెనక్కి జరిగారు. ఇల్లంతా వెతికి, ఒక రేడియో పట్టుకుని వెళ్ళిపోయారు.

“తప్పైపోయింది మామా,” అని నాయన తల దించుకున్నాడు.

“ఇన్నేళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచావు?” అని ఆమె అరబ్బీలో అంది.

నాయన పార కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. ఇంకా నాలుగు మళ్ళు మిగిలాయి. పార ఎలా పట్టాలో చూపించమని నాకు సైగ చేసింది. చూపించాను. చివరి మడి నిండేదాకా ఆమె నడుం ఎత్తలేదు. అమ్మ చీర కొంగు బురదలో ఈడ్చుకుపోతూనే ఉంది. ఆ తోట ఆమెదేననడానికి నాకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

నన్ను ఇప్పటికీ పొగరుబోతు అనేవాళ్ళున్నారు. అననీ. పెరట్లో ఒక నిమ్మచెట్టు, నాలుగు వంగ మళ్ళు ఉన్నాయి. వాటికి నీళ్ళు కట్టడానికి ఎవరినీ పిలవను. మధ్యలో ఎవరైనా వచ్చి వాకిట్లో నిలబడితే, మడి నిండేదాకా వాళ్ళు ఆగాల్సిందే.